రహీమ్ సాబ్ బడి: జంటనగరాల ఫుట్‌బాల్ వారసత్వం

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ 53 ఏళ్ల జీవితంలో చివరి ఇరవై ఏళ్లు ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. అదే కాలంలో భారత జట్టుకూ శిక్షణ ఇచ్చి 1951, 1962 ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు సాధించిపెట్టారు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. భారత ఫుట్‌బాల్ ఆ ఎత్తును మళ్లీ ఎన్నడూ అందుకోలేదు. పోలీసు జట్టును తీర్చిదిద్దిన ఈ మనిషి పోలీసు కాదు, బడిపంతులు. జంటనగరాల ఫుట్‌బాల్ కుటుంబాల్లో నేటికీ ఆయన పేరు ఒట్టిగా పలకరు, రహీమ్ సాబ్ అనే అంటారు. ఆయన సాధించిన గెలుపుల వెనక ఉన్న పద్ధతి బడిలో పుట్టింది. ఆయన తర్వాత ఆట చితికిపోవడానికి కారణం కూడా ఆ బడిలాంటి ఏర్పాటు చెదిరిపోవడమే.

ఈ ఆట ఇక్కడికి వచ్చిన దారి కంటోన్మెంట్ దారి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన సికింద్రాబాద్‌లో, ఆ పైన తిరుమలగిరి, బొల్లారం వైపు విస్తరించిన సైనిక శిబిరాల్లో బ్రిటిష్ పటాలాలు ఫుట్‌బాల్ ఆడేవి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. స్టేషన్ చుట్టూ కొత్త బస్తీలు పెరిగాయి. స్టేషన్‌కు ఒక పక్క మోండా మార్కెట్, రెజిమెంటల్ బజార్ ఉంటే, నేడు పదో నంబరు ప్లాట్‌ఫాం దిగి బయటికొచ్చే పక్క బోయిగూడ, చిలకలగూడ ఉన్నాయి. కంటోన్మెంట్ నీడలో తెలుగువాళ్లు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు, పటాలాలతో పాటు వచ్చి స్థిరపడిన తమిళ కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు కలిసి బతికారు. సిపాయిల ఆట చూసి పిల్లలు ఉత్త కాళ్లతో బంతి తన్నడం నేర్చారు. మైదానం దొరికిన చోటల్లా ఒక క్లబ్బు లేచింది. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ లాంటి చిన్న క్లబ్బులకు డబ్బు లేదు, పేరుగల పోషకులు లేరు. అయినా అక్కడి నుంచే ఒలింపిక్ ఆటగాళ్లు వచ్చారు.

రహీమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, అక్కడి జట్టులో ఆడి, తర్వాత కమర్ క్లబ్ తరఫున స్థానిక లీగ్‌లో పేరు తెచ్చుకున్నారు. డిగ్రీ చేతికొచ్చాక బడిలో పంతులుగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటలు నేర్పే బాధ్యత కూడా తీసుకున్నారు. ఆయన కోచింగ్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ పంతులు ఉద్యోగాన్ని మరిచిపోకూడదు. ఒక తరగతిలో ఒక విద్యార్థికి లెక్కలు రాకపోతే ఎక్కడ తడబడుతున్నాడో చూసి ఆ చోటే పట్టుకుని దిద్దే అలవాటు పంతులుది. రహీమ్ మైదానంలో చేసింది అదే పని.

1943లో ఆయన సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పని కూడా ఆయనదే. పోలీసు శాఖలో ఆటకు అండగా నిలిచిన అధికారి శివకుమార్ లాల్. ఇద్దరి జోడీ కుదిరింది. ఒకరు మైదానంలో తీర్చిదిద్దితే, మరొకరు శాఖలో ఉద్యోగాలు, సౌకర్యాలు చూసుకున్నారు. ఆ రోజుల్లో బస్తీ కుర్రాడికి ఫుట్‌బాల్ బాగా వస్తే పోలీసులో కానిస్టేబుల్ ఉద్యోగం దొరికే అవకాశం ఉండేది. నెల తిరిగేసరికి జీతం, తల మీద టోపీ, ఇంటికి గౌరవం. పేద కుటుంబాల తల్లిదండ్రులు పిల్లవాడిని బంతి వెంట పోనివ్వడానికి ఈ భరోసా పెద్ద కారణం. ప్రతిభ ఎంత ఉన్నా, పూట గడవని ఇంట్లో ఆట ఎక్కువ కాలం నిలవదు. సిటీ పోలీస్ జట్టు ఆ అడ్డు తొలగించింది.

ఫలితం వెంటనే కనిపించింది. అదే 1943లో బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్‌లో సిటీ పోలీస్ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి కప్పు తెచ్చింది. ఆ ఎయిర్ ఫోర్స్ జట్టులో ఇంగ్లండ్ క్రికెటర్, ఆర్సెనల్ ఫుట్‌బాలర్ డెనిస్ కాంప్టన్ కూడా ఆడాడని చెబుతారు. దక్షిణాదిలో ఎవరికీ పెద్దగా తెలియని ఒక పోలీసు జట్టు ఇంగ్లిషు ఆటగాళ్లను ఓడించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

రహీమ్ పద్ధతిలో అన్నిటికన్నా ఆసక్తికరమైనవి ఆయన పెట్టిన స్థానిక పోటీలు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక పోటీ. బంతి కాలికి తగిలిన వెంటనే పాస్ ఇవ్వాల్సిందే, దాన్ని అట్టిపెట్టుకుని విన్యాసాలు చేస్తే ఒప్పుకోరు. బంతిని రెండుసార్లకు మించి తాకకూడదని ఇంకొకటి. బలహీనమైన కాలితోనే ఆడాలని మరొకటి. కుడికాలి ఆటగాడు ఎడమ కాలితోనే బంతి తన్నాలి. పిల్లలకు ఎత్తు నిబంధనతో పోటీలు పెట్టారు, పొడుగు కుర్రాళ్ల బలం ముందు పొట్టి కుర్రాళ్ల నైపుణ్యం మరుగున పడకుండా. ఇవన్నీ చూసేవాళ్లకు వినోదంలా అనిపించి ఉంటాయి. నిజానికి ఒక్కో పోటీ ఒక్కో లోపానికి మందు. మన ఆటగాళ్లలో సొంత ఆట మోజు ఎక్కువ, ఒక కాలి మీదే ఆధారపడతారు, పాస్ ఆలస్యంగా ఇస్తారు. ఈ మూడూ మందలింపుతో పోవని ఆయనకు తెలుసు. అందుకే ఆ తప్పు చేయడానికి వీల్లేని ఆటను కనిపెట్టి ఆడించారు. కుర్రాడు పాఠం అనుకోకుండానే పాఠం నేర్చేవాడు. నేటి అకాడమీల్లో ఒక టచ్, రెండు టచ్‌ల సాధన మామూలు విషయం. 1940ల్లో, కోచింగ్ పుస్తకాలు కూడా సరిగా అందని ఊళ్లో, ఒక బడిపంతులు దాన్ని సొంతంగా పోటీల రూపంలోకి తేవడం తలచుకుంటే ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది.

ప్రపంచంలో ఆట ఎటు పోతోందో ఆయన గమనిస్తూనే ఉన్నారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను లండన్ వెంబ్లీలో 6-3తో ఓడించినప్పుడు, సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి జరిగి ఆడే హంగరీ విధానం యూరప్‌ను కుదిపేసింది. రహీమ్ దాన్ని పట్టుకుని భారత జట్టులో ప్రయత్నించారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ లోకానికి చూపిన 4-2-4 వ్యూహాన్ని కూడా ఆయన అంతకుముందే ఆడించారని శిష్యులు చెప్పేవారు.

1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ వరసగా ఐదుసార్లు గెలుచుకుంది. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957లో మళ్లీ డ్యూరాండ్ కప్, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరు వచ్చాక 1961లో ఇంకోసారి. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ వరసగా రెండుసార్లు గెలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఫుట్‌బాల్‌లో జట్టు ఇంకా హైదరాబాద్ పేరుతోనే ఆడింది. అప్పటిదాకా దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. ఆ మాటను దక్కన్ కానిస్టేబుళ్లు మార్చారు.

సికింద్రాబాద్ వైపు నుంచి ఈ బడిలోకి వచ్చినవాళ్లలో ఇద్దరి కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తులసీదాస్ బలరామ్ 1936లో అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని చేత తనకు సరిపోయేలా బూట్లు కుట్టించుకుని ఆడాడు. రహీమ్ కళ్లలో పడ్డాక, సాధనకు హైదరాబాద్ రమ్మని పిలుపు వచ్చింది. అమ్ముగూడ నుంచి రోజూ అంత దూరం రావడానికి చేతిలో డబ్బు లేదని కుర్రాడు మొహమాటంగా చెప్పాడు. అద్దె సైకిల్‌కు అయ్యే ఖర్చు తాను ఇస్తానన్నారు రహీమ్. ఆ సైకిల్ మీద రోజూ వచ్చి వెళ్లిన కుర్రాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఒక పంతులు జీతంలోంచి వేరేవాళ్ల పిల్లాడి సైకిల్ అద్దె కట్టడం ఎంత బరువో ఆ కాలపు మధ్యతరగతి ఇళ్లకు బాగా తెలుసు. రహీమ్‌ను సాబ్ అని ఎందుకు అనేవారో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

రెండో ఆటగాడు పీటర్ తంగరాజ్. 1935లో పుట్టాడు. సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి, 1953లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడుగాటి చేతులు. దేశంలో అతన్ని మించిన గోల్‌కీపర్ లేడని చాలామంది అంటారు, 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు వచ్చింది. అతను పోలీసు జట్టు మనిషి కాదు, సైన్యపు సర్వీసెస్ జట్టు మనిషి. అయినా భారత జట్టు శిబిరాల్లో రహీమ్ చేతి కిందే రాటుదేలాడు.

జాతీయ జట్టు కోచ్‌గా రహీమ్‌కు తొలి పెద్ద విజయం 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో దక్కింది. శైలేన్ మన్నా నాయకత్వంలోని జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది, గోల్ కొట్టింది సాహు మేవాలాల్. కానీ మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో ఓడింది. చలిలో, తడి పచ్చిక మీద మన ఆటగాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. దానికి తోడు, దేశంలో మ్యాచ్‌లు 70 నిమిషాలే జరిగేవి. 90 నిమిషాల ఆటకు అలవాటుపడని ఒళ్లు చివర్లో చేతులెత్తేసేది. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీమ్ మాత్రం బూట్లతో సరిపెట్టుకోలేదు. నైపుణ్యం చాలదు, ఒంట్లో దమ్ము కావాలి, జట్టంతా ఒకే తీరున కదలాలి అన్న పట్టుదలతో తర్వాతి నాలుగేళ్లు పనిచేశారు.

ఆ పని పండింది 1956లో. మెల్బోర్న్ వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ గడ్డ మీద తయారైనవాళ్లు ఎనిమిది మంది: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అబ్దుల్ లతీఫ్, సలాం, జుల్ఫికరుద్దీన్, బలరామ్, తంగరాజ్. ఒక్క ఊరి నుంచి ఒలింపిక్ జట్టుకు ఎనిమిది మంది వెళ్లారంటే ఆ ఊరి మైదానాలు అప్పుడు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండ్ ఆడే అవసరం రాలేదు. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల ప్రేక్షకుల ముందే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియా ఆటగాడతను. సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది భారతే, అదీ డిసౌజానే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న జట్టు అదే ప్రత్యర్థి మీద ఆధిక్యం తెచ్చుకున్న క్షణం అది. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. ఒలింపిక్ సెమీస్‌కు చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ తిరిగొచ్చింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపు కఠినమైంది. హంగరీతో 2-1తో ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూతో 3-1తో ఓటమి. హంగరీ, పెరూల మీద భారత్ కొట్టిన రెండు గోల్స్ బలరామ్‌వే, ఫ్రాన్స్ మీద కెప్టెన్ పి.కె. బెనర్జీది. పట్టికలో చూస్తే ఈ ఫలితాలు గొప్పగా కనపడవు గాని, మేటి జట్ల ముందు తలవంచకుండా ఆడిన ఆ మూడు మ్యాచ్‌లు జకార్తాకు పునాది. భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడటం అదే చివరిసారి.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ ఒంట్లో జబ్బు ముదిరింది. జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడే మనిషికి తల గాయమైతే బంతిని తలతో అడ్డుకోవడం కష్టం. రహీమ్ అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌ది. ఫైనల్‌కు గోల్‌కీపర్‌గా, జ్వరం నుంచి అప్పుడే కోలుకుంటున్న తంగరాజ్‌ను దింపారు. ఇంకొకరైతే చేసే సాహసాలు కావవి. తన చేతి కింద ఏళ్ల తరబడి పెరిగిన ఆటగాళ్ల లోపలి బలం తెలిసిన పంతులుకే అలాంటి ధైర్యం ఉంటుంది.

సెప్టెంబరు 4న మళ్లీ దక్షిణ కొరియాతోనే ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో జకార్తాలో భారత్ మీద ఆగ్రహం ఉవ్వెత్తున లేచింది. నిండు స్టేడియం భారత జట్టుకు వ్యతిరేకంగా అరిచింది. ముందురోజు రాత్రి రహీమ్ ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు కానుకగా బంగారు పతకం ఇవ్వమని అడిగారని వాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాల్లోనే జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా సమయం మించిపోయింది. 2-1. ఆ జట్టులో హైదరాబాద్ వైపు నుంచి తంగరాజ్, బలరామ్‌లతో పాటు యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు. తొమ్మిది నెలలకు రహీమ్ లేరు.

ఆయన పోయాక ఆట వెంటనే కూలిపోలేదు. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. కోచ్‌ల్లో ఒకరు జి.ఎం.హెచ్. బాషా, మరొకరు రహీమ్ శిష్యుడు పి.కె. బెనర్జీ. నయీముద్దీన్ తర్వాత కోచ్‌గా మారి 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ రోమ్ ఒలింపిక్ జట్టులో ఉన్నారు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, ఫిఫా రెఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందారు. కోచ్ శిష్యులు కోచ్‌లయ్యారు, వాళ్ల దగ్గర మరో తరం నేర్చింది. వారసత్వం అనే మాటకు ఇంతకన్నా సరైన రుజువు వెతకనక్కర్లేదు.

అయితే ఆ గొలుసు సొంత ఊళ్లో నిలవలేదు. కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బు, అక్కడి ప్రేక్షకుల హోరు హైదరాబాద్ ఆటగాళ్లను లాగేశాయి. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960ల్లో మహమ్మద్ హబీబ్, ఆ తర్వాత తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ అదే బాట పట్టారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకడు. వాళ్లకు దేశమంతా పేరొచ్చింది గాని, ఇక్కడ కుర్రాళ్లకు రోజూ సాయంత్రం కళ్ల ముందు కనిపించే పెద్ద ఆటగాళ్లు లేకుండా పోయారు. పోలీసు జట్టు పాత బలం కోల్పోయింది. ఆట వస్తే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం సడలింది. ఊరు పెరిగేకొద్దీ బస్తీల ఖాళీ జాగాలు ఇళ్లయ్యాయి, గోదాములయ్యాయి. బోయిగూడ లాంటి స్టేషన్ పక్క బస్తీల్లో కలప డిపోలు, తుక్కు దుకాణాలు, కిక్కిరిసిన గల్లీల మధ్య బంతి తన్నడానికి చోటు దొరకడం గగనమైంది. 1983 క్రికెట్ ప్రపంచకప్ తర్వాత మిగిలిన జాగాలో క్రికెట్ బ్యాటు దిగింది. బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులకు ఇచ్చే ప్రాధాన్యం తగ్గింది. రహీమ్ లాంటి మనిషి పుట్టిన చోటు బడి మైదానం. మైదానం లేని బడి నుంచి మరో రహీమ్ రావాలని కోరుకోవడం అత్యాశ.

ఇక గౌరవం సంగతి. ఆటగాళ్లకిచ్చే అర్జున అవార్డు 1961లో మొదలైంది. బలరామ్ 1962లో, తంగరాజ్ 1967లో దాన్ని అందుకున్నారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య మాత్రం 1985లో గాని రాలేదు, అప్పటికి రహీమ్ పోయి ఇరవై రెండేళ్లు. పద్మ పురస్కారం ఆయనకు దక్కలేదు. ఫుట్‌బాలర్లలో గోష్ఠ పాల్ 1962లోనే పద్మశ్రీ అందుకున్నారు, చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ తర్వాత అందుకున్నారు. వాళ్లందరూ అర్హులే. వాళ్లలో ఇద్దరిని జకార్తాలో నడిపించినవాడి పేరు ఆ వరసలో లేకపోవడం మాత్రం దేశం చేసిన పొరపాటు.

ఇతర చోట్ల కోచ్‌ల స్మృతిని ఎలా నిలుపుకున్నారో చూస్తే ఈ లోటు ఇంకా తెలుస్తుంది. అమెరికా అలబామా విశ్వవిద్యాలయం తన స్టేడియానికి కోచ్ పాల్ బ్రయంట్ పేరును 1975లోనే, ఆయన ఇంకా పని చేస్తుండగానే చేర్చింది. లివర్‌పూల్ క్లబ్ 1982లో ఆన్‌ఫీల్డ్ మైదానానికి కోచ్ బిల్ షాంక్లీ పేరిట ఇనుప గేట్లు పెట్టింది. అక్కడ మ్యాచ్‌కు వచ్చే పిల్లలకు ఆ గేట్లు ఆ పేరును గుర్తుచేస్తాయి. హైదరాబాద్‌లో పోలీసు ఆటలకు కేంద్రమైన గోషామహల్ స్టేడియానికి శివకుమార్ లాల్ పేరు పెట్టారు. ఆటను పెంచిన అధికారికి ఆ గౌరవం న్యాయమైనదే. కానీ ఆ ఇద్దరి జోడీలో రెండో మనిషికి మైదానం దక్కలేదు. 2025 జనవరి 31న ఆ గోషామహల్ ప్రాంగణంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. శిథిలమైన పాత ఆసుపత్రి రోగులకు కొత్త చోటు అవసరమే, ఆ అవసరాన్ని ఎవరూ కాదనలేరు. పోలీసు ఫుట్‌బాల్ జ్ఞాపకాలున్న నేలకు గుర్తుగా అక్కడ రహీమ్ పేరిట ఒక ఫలకమైనా ఉంటే ఆసుపత్రికి వచ్చే జనానికి ఆ చరిత్ర తెలుస్తుంది.

ఆయన పేరు అసలే లేకుండా పోలేదు. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్ అవార్డుకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు పెట్టారు. హైదరాబాద్ స్థానిక డివిజన్ల పోటీని రహీమ్ లీగ్ అంటారు. 2024 ఏప్రిల్‌లో అమిత్ శర్మ దర్శకత్వంలో, అజయ్ దేవగణ్ రహీమ్‌గా నటించిన హిందీ చిత్రం ‘మైదాన్’ విడుదలైంది. ఫుట్‌బాల్ చూడని ఇళ్లకు కూడా ఆ సినిమా రహీమ్ పేరును చేర్చింది. దాన్ని చూసి ఆనందించాల్సినవాళ్లలో చాలామంది అప్పటికే లేరు. తంగరాజ్ 2008లో బొకారోలో పోయారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020లో వారాల తేడాతో, హకీమ్ 2021 ఆగస్టులో, బలరామ్ 2023 ఫిబ్రవరి 16న, హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న కన్నుమూశారు.

కొత్త కాలపు ప్రయత్నాలు కూడా జరిగాయి. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఊరి పేరు మళ్లీ దేశంలో మారుమోగింది. కానీ డబ్బు కష్టాల్లో చిక్కుకున్న ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ క్లబ్‌కు నగర శివార్లలో సొంత మైదానం ఉంది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి, గచ్చిబౌలిలో ఫైనల్లో కేరళను 1-0తో ఓడించి బెంగాల్ కప్పు పట్టుకెళ్లింది. రహీమ్ కాలంలో ఆ కప్పు వరసగా రెండేళ్లు ఈ ఊళ్లోనే ఉంది.

పెద్ద క్లబ్బు రావడం, పోవడం పెట్టుబడిదారుల చేతిలో ఉంటుంది. రహీమ్ కట్టిన ఏర్పాటు అలాంటిది కాదు. దానికి కావాల్సింది బడికి ఒక మైదానం, ఆట తెలిసిన పంతులు, బస్తీ జట్లకు పోటీలు, ఆట వచ్చిన పేద కుర్రాడికి ఒక ఉద్యోగం. వీటిలో పోటీ ఒక్కటి ఆయన పేరుతోనే నడుస్తోంది. డివిజన్ల వారీగా జంటనగరాల క్లబ్బులు తలపడే ఆ రహీమ్ లీగ్‌కు టీవీ ప్రసారాలు లేవు, పెద్ద స్పాన్సర్లు లేరు. ఉత్త కాళ్ల ఆట నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన తరం కూడా మొదట ఆడింది ఇలాంటి స్థానిక లీగ్ మ్యాచ్‌లే.